2024 రూట్స్, సింగర్-సాంగ్‌రైటర్ ఆల్బమ్స్: మీ జాబితా, ఎందుకో కూడా రాయండి

తీగలదండెం | 21 డిసెంబర్ 2024, రాత్రి 9:40

ఏటా లాగే ఈసారీ థ్రెడ్ తెరుస్తున్నా. రూట్స్ అంటే ఫోక్, కంట్రీ, బ్లూగ్రాస్ లాంటి అమెరికన్ జానపద మూలాల సంగీతం. సింగర్-సాంగ్‌రైటర్ అంటే తమ పాటలు తామే రాసుకుని పాడేవాళ్ళు. రూల్స్ రెండే. ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా విని ఉండాలి, ఒక్క హిట్ పాట చూసి ఓటెయ్యకూడదు. "బాగుంది" అని వదిలెయ్యకుండా ఏం బాగుందో రాయాలి. నా వరస ఇదీ:

1. వుడ్‌లాండ్ – గిలియన్ వెల్చ్, డేవిడ్ రాలింగ్స్ (ఆగస్టు 23). 2020 మార్చిలో అమెరికాలోని ఈస్ట్ నాష్‌విల్‌ని టోర్నడో కొట్టినప్పుడు వీళ్ళ వుడ్‌లాండ్ స్టూడియో పైకప్పు లేచిపోయింది. వానలో, చీకట్లో టేపులూ గిటార్లూ బయటికి మోసుకొచ్చారు. స్టూడియోని మళ్ళీ నిలబెట్టుకుని అందులోనే చేసిన ఆల్బమ్ ఇది, పేరు కూడా దానిదే. 10 పాటలు. మొదటి పాట ‘ఎంప్టీ ట్రెయిన్‌లోడ్ ఆఫ్ స్కై’లోనే బేసూ డ్రమ్సూ వస్తాయి. రెండు గిటార్లు, రెండు గొంతులతోనే నడిచే పాత ఆల్బమ్స్ అలవాటైనవాళ్ళు కాస్త ఉలిక్కిపడతారు. రాలింగ్స్ వాయించే 1935 ఎపిఫోన్ ఒలింపిక్ చిన్న ఆర్చ్‌టాప్ (ముందు పలక ఉబ్బెత్తుగా ఉండే గిటార్). బేస్ తక్కువ, మధ్యస్థాయి గట్టిగా కోస్తుంది. అందుకే వెల్చ్ గిటార్ గిబ్సన్ జె-50 కింద దిట్టంగా మోగుతున్నా దాని మీద ఇతని ప్రతి నోటూ విడిగా వినిపిస్తుంది.

2. బ్రైట్ ఫ్యూచర్ – ఏడ్రియన్ లెంకర్ (మార్చి 22). అడవిలో ఒక స్టూడియో, టేపు, నలుగురైదుగురు మనుషులు. మొదటి పాట ‘రియల్ హౌస్’లో గిటారే లేదు, నడిపేది పియానో. గిటార్‌కి పేరున్న మనిషి ఆల్బమ్‌ని అలా తెరవడానికి ధైర్యం కావాలి.

3. టైగర్స్ బ్లడ్ – వాక్సహాచీ (మార్చి 22). టెక్సస్‌లో టోర్నిల్లో ఊరి దగ్గర సోనిక్ రాంచ్ స్టూడియోలో, బ్రాడ్ కుక్ నిర్మాణంలో. ‘రైట్ బ్యాక్ టు ఇట్’లో ఫిల్ కుక్ బాంజో (తోలు మూత మీద తీగలు మోగే వాయిద్యం) ఎక్కడా ముందుకు తోసుకురాదు, పాటని మాత్రం అదే నడిపిస్తుంది.

4. ట్రెయిల్ ఆఫ్ ఫ్లవర్స్ – సియెరా ఫెరెల్ (మార్చి 22). అవును, మూడూ ఒకే రోజు. ఈఫా ఓడోనవన్ ‘ఆల్ మై ఫ్రెండ్స్’ కూడా ఆ రోజే. ఆ శుక్రవారం ఈ తరహా సంగీతానికి సంక్రాంతి.

5. వెన్ ఐయామ్ కాల్డ్ – జేక్ జెర్క్సీస్ ఫసెల్ (జులై 12).

6. ద పాస్ట్ ఈజ్ స్టిల్ అలైవ్ – హర్రే ఫర్ ద రిఫ్ రాఫ్ (ఫిబ్రవరి 23).

నా వాదన ఒక్కటే: ఈ ఏడు నిలిచిన ఆల్బమ్స్‌లో ఎక్కువ భాగం మనుషులు ఒకే గదిలో కూర్చుని వాయించినవి. కాదనేవాళ్ళు రండి.


గోదారిగట్టు | 21 డిసెంబర్, రాత్రి 10:15

బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’ ఏదండీ? దాన్ని వదిలేసి 2024 రూట్స్ జాబితా అంటే ఎలా? అందులోని ‘టెక్సస్ హోల్డెమ్’ మొదట్లో వినిపించే బాంజో రియానన్ గిడెన్స్‌ది. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలతో పాటు వచ్చిన వాయిద్యమని ఇరవై ఏళ్ళుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్న మనిషి ఆవిడ. ‘బ్లాక్‌బర్డ్’కి 1968 నాటి బీటిల్స్ మెకార్ట్నీ గిటార్ ట్రాకునే కింద పరిచారు. పాతతరం నల్లజాతి కంట్రీ గాయని లిండా మార్టెల్‌ని పిలిచి మాట్లాడించారు. ఇంతకన్నా రూట్స్, అంటే మూలాలు, ఎక్కడున్నాయి?


తీగలదండెం | 21 డిసెంబర్, రాత్రి 10:50

ముఖ్యమైన ఆల్బమే, కాదనను. కానీ 27 ట్రాకులు, 78 నిమిషాలు. మధ్యలో పావుగంట తీసేస్తే నా జాబితాలో 5లోపు ఉండేది. రూల్ ఒకటి గుర్తుందిగా: మొత్తం ఆల్బమ్ లెక్క. మీ జాబితాలో మొదటి స్థానం ఇచ్చుకోండి, ఎవరడ్డం?


రికార్డులగూడు | 21 డిసెంబర్, రాత్రి 11:20

కౌబాయ్ కార్టర్ ఎల్పీ (వినైల్ రికార్డు) కొనేవాళ్ళకో మాట. మొదట అచ్చైన వినైల్‌లో 5 పాటలు లేవు. చోటు చాలక కాదు. రెండు ఎల్పీలంటే నాలుగు పక్కలు, 78 నిమిషాలు పంచితే పక్కకి 20 నిమిషాలు కూడా రావు, హాయిగా సరిపోతుంది. పాత సరుకు కొనేటప్పుడు వెనక అట్ట మీద పాటల పట్టీ ఒకసారి లెక్కపెట్టుకోండి.


మధురవాడ_మ్యూజిక్ | 22 డిసెంబర్, ఉదయం 8:05

తీగలదండెం గారూ, మీ మాట మీద వుడ్‌లాండ్, బ్రైట్ ఫ్యూచర్ రెండూ ఫోన్‌లో పెట్టా. వేరే పాటల మధ్య ఇవి వస్తే సౌండ్ తగ్గిపోయినట్టుంది, గిటార్ డొక్కుగా వినిపిస్తోంది. రికార్డింగే అంతా, నా సెట్టింగా?


ధ్వనిమాపకం | 22 డిసెంబర్, ఉదయం 9:30

రికార్డింగ్ తప్పు కాదు, మూడు సంగతులు కలిసి కొడుతున్నాయి.

మొదటిది వాల్యూమ్ నార్మలైజేషన్. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో ప్రతి పాటనీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే గట్టిదనం కొలత) దగ్గరికి తెస్తుంది. బాగా నొక్కేసిన పాప్ పాటని కిందికి దించడం తేలికే. ఇలాంటి మెత్తటి రికార్డింగ్‌ని పైకి లేపాలంటే ఇబ్బంది. తీగ మీటిన క్షణం వచ్చే పీక్ ఎత్తుగా ఉంటుంది, సగటు తక్కువగా ఉంటుంది. పీక్ చిట్లకూడదని యాప్ మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే పక్క పాటకన్నా చిన్నగా ఉంటుంది. దీనికి విరుగుడని "లౌడ్" సెట్టింగ్ పెట్టారనుకోండి, అది లిమిటర్ వేసి ఆ పీకుల్నే నొక్కేస్తుంది. మీటు పోతుంది, మోత మిగులుతుంది. "నార్మల్" మీదే ఉంచి వాల్యూమ్ మీరే పెంచుకోండి.

రెండోది షఫుల్. ఆల్బమ్‌ని వరసగా పెడితే స్పాటిఫై ఆల్బమ్ మొత్తానికీ ఒకే లెక్కన పెంచడం, తగ్గించడం చేస్తుంది. మెల్లటి పాట మెల్లగానే, గట్టిది గట్టిగానే ఉంటాయి. షఫుల్‌లో ఒక్కో పాటకీ ఒక్కో లెక్క, దాంతో ఆల్బమ్‌లో కట్టుకున్న ఎత్తుపల్లాలు చదునైపోతాయి.

మూడోది ఫోన్ స్పీకర్. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ 300 కింద దాదాపు ఏమీ పలకదు. వెల్చ్ బొటనవేలితో కొట్టే బేస్ అంతా అక్కడే ఉంది, మీకు అందేది పైన గీకుడు మాత్రమే. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్స్ పెట్టినా తేడా తెలిసిపోతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో అట్మాస్, "3డి సౌండ్" లాంటివి ఆన్‌లో ఉంటే ఆపెయ్యండి. మధ్యలో ఉండాల్సిన గొంతుని అవి పక్కలకి పరిచేస్తాయి.


మధురవాడ_మ్యూజిక్ | 22 డిసెంబర్, ఉదయం 10:10

లౌడ్ మీదే ఉందండి! నార్మల్‌కి మార్చి, ఇయర్‌ఫోన్స్‌తో వరసగా పెట్టా. వేరే ఆల్బమ్‌లా ఉంది. థ్యాంక్స్.


మాండొలిన్_మావయ్య | 22 డిసెంబర్, మధ్యాహ్నం 1:45

బ్లూగ్రాస్ (బాంజో, మాండొలిన్, ఫిడేలు, గిటార్‌తో వేగంగా నడిచే సంగీతం) ఒక్కటీ లేని రూట్స్ జాబితానా! బిల్లీ స్ట్రింగ్స్ ‘హైవే ప్రేయర్స్’ (సెప్టెంబర్ 27). 20 పాటలు, జాన్ బ్రయాన్‌తో కలిసి నిర్మించాడు. అన్ని రకాల సంగీతాన్నీ కలిపి లెక్కేసే బిల్‌బోర్డ్ టాప్ ఆల్బమ్ సేల్స్ పట్టీలో మొదటి స్థానంలోకి వచ్చింది. బ్లూగ్రాస్‌కి ఆ చోటు 2002లో ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ సౌండ్‌ట్రాక్ తర్వాత ఇదే. ఆ సౌండ్‌ట్రాక్‌లోనూ మీ వెల్చ్ గారున్నారు లెండి.

నిజం చెప్పాలంటే 20 పాటలు నాకూ ఎక్కువే. రెండో సగంలో ఒక నాలుగు తీసెయ్యొచ్చు. అయినా పికింగ్ (తీగ మీటడం) శుభ్రత చూడండి: నిమిషానికి 130, 140 బీట్స్ దగ్గర పదహారో నోట్లు (బీటుకి నాలుగు) వాయిస్తూ ఒక్కో నోటుకీ ఒక్కో దెబ్బ, పైకీ కిందికీ మార్చి మార్చి. హామర్-ఆన్‌లతో (మీటకుండా ఎడమచేతి వేలు తీగ మీద కొట్టి స్వరం తెప్పించడం) దొంగదారి పట్టడు. నేర్చుకునేవాళ్ళు 70 దగ్గర మెట్రోనోమ్ పెట్టుకుని మొదలెట్టి 4 చొప్పున పెంచుకుంటూ పోవాలి. తీగ మారేచోట చెయ్యి బిగుసుకుంటే వేగం వెనక్కి దించాలి, బిగించి లాగితే మణికట్టు పోతుంది.


నల్లగొండ_నాదం | 22 డిసెంబర్, సాయంత్రం 5:20

ఇందాక బాంజో మాటొచ్చింది కాబట్టి అడుగుతున్న. బాంజో వాయించే క్లాహామర్ పద్ధతి నేర్చుకోవాలని ఉంది. టైగర్స్ బ్లడ్‌లో వినిపించేది అదేనా? ఇక్కడ షాపుల్లో బాంజో అంటే టైప్‌రైటర్ మీటలున్న పెట్టె చూపిస్తున్నరు.


మాండొలిన్_మావయ్య | 22 డిసెంబర్, సాయంత్రం 6:40

వాళ్ళు చూపించేది బుల్‌బుల్ తరంగ్, బ్యాండు మేళాల్లో వాడేది. మీకు కావాల్సింది అయిదు తీగల, వెనక మూతలేని ఓపెన్ బ్యాక్ బాంజో. అలాగే అడగండి.

టైగర్స్ బ్లడ్‌లోది వేళ్ళతో పైకి మీటే పద్ధతి. క్లాహామర్ అందుకు తలకిందులు, గోరు కిందికే కొట్టాలి. మొదలు ఇలా:

శ్రుతి: జి డి జి బి డి. మొదటి జి పొట్టి తీగ, అంటే అయిదోది. అది మెడ మధ్యలో అయిదో ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గర మొదలవుతుంది. దాన్ని ఎడమచేత్తో నొక్కే పని దాదాపు ఉండదు, ఒకటే స్వరం ఎప్పుడూ మోగుతుంటుంది. తత్వాలు పాడేవాళ్ళ ఏకతార ఉన్నట్టే.

కుడిచెయ్యి: వేళ్ళు గుప్పిట సగం మూసినట్టు. చూపుడు వేలు గోటితో ఒక తీగని కిందికి కొట్టాలి (ఒక బీటు). మళ్ళీ అదే గోటితో కింది తీగలన్నీ కలిపి కిందికి గీయాలి (అర బీటు). ఆ గీతతో పాటే బొటనవేలు అయిదో తీగ మీద వాలి ఉండాలి, చెయ్యి పైకి లేస్తుంటే దాన్ని వదలాలి (అర బీటు). టం... టక-టిం, టం... టక-టిం.

పాడయ్యేది రెండు చోట్ల. ఒకటి, గిటార్ అలవాటున్నవాళ్ళు వేలిని పైకి లాగుతారు, అప్పుడు క్లాహామర్ మోత రాదు. రెండు, బొటనవేలు వాలకుండా గాల్లోంచి వచ్చి తీగని వెతుక్కుంటుంది, లయ కుంటుతుంది. మొదటి వారం ఎడమచెయ్యి ముట్టుకోకుండా ఇదొక్కటే చెయ్యండి. మణికట్టు తిరగాలి, వేలు కదలకూడదు.

ఇంకో చిక్కు: కేపో (తీగల్ని ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) రెండో ఫ్రెట్‌లో పెట్టి ‘ఎ’ శ్రుతికి వెళ్తే పొట్టి తీగ కేపో కిందికి రాదు. దాన్ని విడిగా ‘ఎ’కి పెంచాలి. ఊరికే కీ తిప్పి లాగితే తెగే ప్రమాదం. ఏడో ఫ్రెట్ దగ్గర చిన్న రైలుపట్టీ మేకులాంటి స్పైక్ కొట్టించుకుంటే తీగని దాని కిందికి తోస్తే సరి. అది కొట్టడం తెలిసిన మేస్త్రీతోనే చేయించండి, ఫింగర్‌బోర్డు చీలితే అతకదు.


ఆడియోపిచ్చి_అట్లాంటా | 23 డిసెంబర్, ఉదయం 6:15

తీగలదండెం అన్న "ఒకే గది" మాట మీద ఒక ప్రశ్న. గొంతు మైకులో గిటార్, గిటార్ మైకులో గొంతు పడిపోతాయి కదా? హెడ్‌ఫోన్స్ లేకుండా బ్రైట్ ఫ్యూచర్ లాంటిది ఎలా తీస్తారు? ఇంట్లో చేసిచూడొచ్చా?


ధ్వనిమాపకం | 23 డిసెంబర్, ఉదయం 10:00

పడుతుంది. ఆపలేం, ఎటు పడాలో చూసుకుంటాం. ఒకే మనిషి పాడుతూ వాయిస్తుంటే పనికొచ్చేది ఫిగర్-8 మైకు (రిబ్బన్ మైకులన్నీ దాదాపు ఇవే, కొన్ని కండెన్సర్లలో స్విచ్ ఉంటుంది). దీనికి ముందూ వెనకా వినపడుతుంది, రెండు పక్కలా చెవుడు. ఆ చెవుడే మన ఆయుధం.

గొంతు మైకు నోటికి జానెడు దూరంలో, చెవిటి పక్క సరిగ్గా గిటార్ సౌండ్‌హోల్ వైపు తిరిగేలా, మూతి కొంచెం పైకెత్తి. గిటార్ మైకు 25-30 సెంటీమీటర్ల దూరంలో 12-14 ఫ్రెట్ల వైపు చూస్తూ, దాని చెవిటి పక్క నోటి వైపు. సౌండ్‌హోల్‌కి ఎదురుగా పెడితే గుమ్మని ఊదుతుంది, పెట్టొద్దు. నోరు 15 సెంటీమీటర్లకన్నా దగ్గరైతే ఫిగర్-8లో బేస్ విపరీతంగా పెరుగుతుంది.

ఇంట్లో చెడేది వెనకవైపు. వెనక్కీ వినపడుతుంది కాబట్టి గోడ నుంచి తిరిగొచ్చిన శబ్దం కూడా ఎక్కుతుంది. గోడ మీటరు దూరంలో ఉంటే ఆ ప్రతిధ్వని దాదాపు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, గొంతు డబ్బాలోంచి పాడినట్టుంటుంది. మైకు వెనక రెండు బొంతలు వేలాడదీయండి. సన్న దుప్పటి చాలదు, అది పైస్థాయిని మాత్రమే తింటుంది.

తర్వాత ఫేజ్ చూడాలి, అంటే రెండు మైకుల తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయా అని. రెండు ట్రాకులూ కలిపి వినండి, ఒకదాని పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) మళ్ళీ వినండి. ఎటు బేస్ నిండుగా ఉంటే అదే ఉంచండి. రెండు వైపులా పల్చగా ఉంటే గిటార్ మైకు ఐదారు సెంటీమీటర్లు జరిపి మళ్ళీ చూడాలి. మిక్సింగ్‌లో బాగుచేద్దాం అనుకుంటే అవ్వదు.

ఇక అసలు మూల్యం: తప్పు పాడితే ఆ మాట ఒక్కటే మార్చడం కుదరదు, గిటార్ మైకులో పాత మాట ఉండిపోతుంది. మొత్తం టేక్ మళ్ళీ పాడాలి. లేదా రెండు టేకుల వేగం ఒకటే అయితే చరణాల మధ్య ఊపిరి దగ్గర అతుకు వేయొచ్చు. టేపు అయితే ఇంకో ఖర్చు కూడా. పదిన్నర అంగుళాల రీలు, 2500 అడుగులు, సెకనుకి 15 అంగుళాల వేగంతో 33 నిమిషాలు. 30 అంగుళాలతో పదహారున్నరే. అందుకే ఇలాంటి ఆల్బమ్స్‌లో మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాడతాడు.


తీగలదండెం | 23 డిసెంబర్, ఉదయం 10:40

ఇది పిన్ చెయ్యండి ఎవరైనా. ‘వాంపైర్ ఎంపైర్’ పాటని ఈ కోణంలో రెండుసార్లు వినండి. లెంకర్ పాడే బిగ్ థీఫ్ బ్యాండుతో 2023లో సింగిల్‌గా వచ్చింది, డ్రమ్స్ తోసుకుంటూ పోతాయి. బ్రైట్ ఫ్యూచర్‌లో అదే పాట చెక్క గదిలో కూర్చుని గొణుక్కున్నట్టుంటుంది. రెండోదాంట్లో లయ కొంచెం ఊగుతుంది, నాకు ఆ ఊగడమే ఇష్టం.


వెన్నెలవాన | 23 డిసెంబర్, రాత్రి 8:25

ఒకే గది సిద్ధాంతానికి నా అభ్యంతరం రెండు ఆల్బమ్స్ రూపంలో.

జెస్సికా ప్రాట్ ‘హియర్ ఇన్ ద పిచ్’ (మే 3). 9 పాటలు, 27 నిమిషాలు. ‘లైఫ్ ఈజ్’ అని డ్రమ్‌తో తెరుచుకుంటుంది. అంతకుముందు ఆవిడ ఆల్బమ్స్‌లో గిటారూ గొంతూ తప్ప పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆ రివర్బ్ (ప్రతిధ్వని), ఆ దూరం కావాలని పొరలు పొరలుగా కట్టినవి. గదిని దాచిపెట్టే ఆల్బమ్ ఇది. ఈ ఏడు ఒక్కటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటా. పైగా 27 నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పి లేచిపోయే మర్యాద ఎంతమందికి ఉంది?

రెండోది లారా మార్లింగ్ ‘ప్యాటర్న్స్ ఇన్ రిపీట్’ (అక్టోబర్ 25). కూతురు పుట్టాక లండన్‌లో ఇంట్లోనే చాలాభాగం రికార్డు చేసుకుంది. డ్రమ్స్ అసలు లేవు. ‘చైల్డ్ ఆఫ్ మైన్’లో పాప చప్పుడు అలాగే వదిలేశారు. స్ట్రింగ్స్ (వయొలిన్ లాంటి కమాను వాయిద్యాలు) రాబ్ మూస్ తర్వాత కలిపినవి. అందరూ ఒకే గదిలో లేరు, అయినా అతుకు కనపడదు. ఎందుకంటే స్ట్రింగ్స్ గొంతు ఆగినచోట మాత్రమే ముందుకొస్తాయి, పాడుతుంటే ఒకే స్వరం పట్టుకుని ఉంటాయి. గది కన్నా ముఖ్యం ఎవరెప్పుడు నోరు మూసుకోవాలో తెలియడం.


తీగలదండెం | 23 డిసెంబర్, రాత్రి 9:00

మార్లింగ్ ఒప్పుకుంటా. ప్రాట్ ‘రూట్స్’ కాదు కానీ సింగర్-సాంగ్‌రైటర్ కిందకి వస్తుంది, సరే. నా మాటని "ఎక్కువ భాగం" దగ్గరే ఉంచుకుంటా, అంతకన్నా తగ్గను.


గోదారిగట్టు | 24 డిసెంబర్, ఉదయం 7:50

ఎం.జె. లెండర్‌మన్ ‘మ్యానింగ్ ఫైర్‌వర్క్స్’ విన్నారా ఎవరైనా? చివరి పాట ‘బార్క్ ఎట్ ద మూన్’ సగం నుంచి ఒకటే గుయ్యిమంటోంది. ఫైల్ పాడైందా?


నల్లగొండ_నాదం | 24 డిసెంబర్, ఉదయం 8:00

పాట గట్లనే ఉంటది అన్నా. పది నిమిషాలల్ల పెద్దభాగం డ్రోనే, అంటె ఆగకుండ సాగే ఒకటే మోత.


రికార్డులగూడు | 24 డిసెంబర్, ఉదయం 9:15

లెండర్‌మన్‌ది అమెరికాలో నార్త్ కరోలినాలోని ఆషెవిల్, రికార్డు చేసిందీ అక్కడి డ్రాప్ ఆఫ్ సన్ స్టూడియోలో. ఆల్బమ్ సెప్టెంబర్ 6న వచ్చింది, అదే నెలాఖరుకి హెలీన్ తుఫాను ఆ ప్రాంతాన్ని ముంచేసింది. వరద సాయానికి ‘కార్డినల్స్ ఎట్ ద విండో’ అని 130కి పైగా పాటల సంకలనం బ్యాండ్‌క్యాంప్‌లో (కళాకారులు నేరుగా సంగీతం అమ్ముకునే సైట్) పెట్టారు. జాబితాల్లోకి ఎక్కదు గానీ ఈ ఏడాది ఈ సంగీతం ఎవరెవరి చేతుల్లో ఉందో ఒక్కచోట వినాలంటే అదే దారి.

బ్యాండ్‌క్యాంప్‌లో కొన్నప్పుడు డిజిటల్ మీద వాళ్ళు పట్టుకునేది మామూలుగా 15 శాతం. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో అదీ వదిలేస్తారు. ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఫైల్) ఫార్మాట్ ఎంచుకోండి, తర్వాత ఎంపీ3 కావాలంటే మీరే చేసుకోవచ్చు. ఇండియా కార్డుతో చెల్లింపు ఆగిపోతే ముందు చూడాల్సింది బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్‌లో ఉన్నాయా లేదా. కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది.


మధురవాడ_మ్యూజిక్ | 24 డిసెంబర్, సాయంత్రం 4:30

వుడ్‌లాండ్ ఎల్పీ తెప్పించుకుందామనుకుంటున్నా. సముద్రం పక్కన ఉండేవాళ్ళం, బూజు పడుతుందని భయం. ఇంకో సంగతి, రికార్డులో ఒక్కో పక్కన చివర వచ్చే పాటలు ఎప్పుడూ కరకరమంటాయి ఎందుకు?


రికార్డులగూడు | 24 డిసెంబర్, రాత్రి 7:10

కొనండి. వాళ్ళిద్దరూ సొంతంగా లాక్కర్ కోసే లేత్ (అచ్చుకి ముందు అసలు గాడి చెక్కే యంత్రం) పెట్టుకున్న మనుషులు, వినైల్ మీద శ్రద్ధ ఎక్కువ.

చివరి పాట కరకరకి కారణం జ్యామితి. పళ్ళెం నిమిషానికి 33⅓ చుట్ల వేగంతోనే తిరుగుతుంది, కానీ బయటి అంచున గాడి సూది కింద సెకనుకి 51 సెంటీమీటర్లు పోతుంది, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 21. అదే శబ్దం సగం కన్నా తక్కువ పొడవులో ఇరుక్కోవాలి. "స, ష" అక్షరాలు ముందు చెడతాయి. సూది సరిగ్గా నిలబెట్టకపోతే రెట్టింపు చెడుతుంది. కాబట్టి:

కార్ట్రిడ్జ్‌తో (సూది ఉండే భాగం) వచ్చిన కాగితం మీది బరువే పెట్టండి. ఉదాహరణకి ఆడియో-టెక్నికా విఎం95ఇ అయితే 2 గ్రాములు. రికార్డు అరుగుతుందని ఒకటిన్నరకి తగ్గించేవాళ్ళున్నారు, అది తప్పు. తేలికైన సూది గాడిలో ఎగిరెగిరి గోడల్ని కొడుతుంది, అసలు అరుగుదల దాంతోనే. అలైన్‌మెంట్ ప్రొట్రాక్టర్ (సూది కోణం సరిచూసే) కాగితం వేసి రెండు చుక్కల దగ్గరా కార్ట్రిడ్జ్ గీతలకి సమాంతరంగా ఉందో లేదో చూడాలి. ఒక చుక్క దగ్గర కుదిరి రెండో దగ్గర పోతే స్క్రూలు వదులు చేసి ముందుకో వెనక్కో జరపాలి.

బూజుకి: లోపలి కాగితం కవర్లు తీసేసి లోపల పాలీ (ప్లాస్టిక్) లైనింగ్ ఉన్నవి వేయండి. కాగితం తేమ పీలుస్తుంది. బీరువా గోడకి ఆనించొద్దు, నాలుగు వేళ్ళ సందు ఉంచండి. నిలువుగానే పెట్టాలి, ఒరిగితే మన ఎండలకి వంగిపోతాయి. పట్టిన బూజుకి డిస్టిల్డ్ నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి, తర్వాత ఉత్త డిస్టిల్డ్ నీళ్ళతో ఇంకోసారి. కుళాయి నీళ్ళు వాడితే ఆరాక సున్నం గాడిలో మిగిలి టకటకలాడుతుంది. 180 గ్రాములదే కావాలని ఎక్కువ డబ్బు పెట్టకండి, బరువుకీ శబ్దానికీ సంబంధం లేదు.


వెన్నెలవాన | 25 డిసెంబర్, ఉదయం 11:00

గ్రామీ నామినేషన్లు చూస్తే ఫోక్ ఆల్బమ్ అయిదింట్లో మన థ్రెడ్‌లోవి మూడున్నాయి: వుడ్‌లాండ్, బ్రైట్ ఫ్యూచర్, ఆల్ మై ఫ్రెండ్స్. మ్యాడీ డియాజ్ ‘వియర్డ్ ఫెయిత్’ నాలుగోది. అయిదోది ఎవరూ మాట్లాడుకోని ‘అమెరికన్ ప్యాచ్‌వర్క్ క్వార్టెట్’. అందులో పాడేది ఫాలూ షా, ముంబైలో పెరిగి హిందుస్తానీలో జైపూర్ ఘరానా నేర్చుకున్న మనిషి. క్లే రాస్ గిటార్ మీద పాత అమెరికన్ జానపదాలు, వాటి మీద ఆవిడ ఆలాపన. గమకం ఎక్కడ పెట్టాలో బాగా తెలుసు: మాట మధ్యలో పెట్టదు, మాట అయ్యాక అచ్చు సాగేచోట పెడుతుంది. అందుకే పాట అర్థం చెడదు.


గోదారిగట్టు | 25 డిసెంబర్, మధ్యాహ్నం 12:20

లెండర్‌మన్‌కీ బిల్లీ స్ట్రింగ్స్ కొత్తదానికీ నామినేషన్ ఏదీ? అన్యాయం కాదూ?


తీగలదండెం | 25 డిసెంబర్, మధ్యాహ్నం 1:05

తేదీలు. ఈసారి లెక్క 2023 సెప్టెంబర్ 16 నుంచి 2024 ఆగస్టు 30 వరకు. వుడ్‌లాండ్ ఒక్క వారంలో లోపలికి జారింది, మ్యానింగ్ ఫైర్‌వర్క్స్ ఒక్క వారంలో బయట పడింది. హైవే ప్రేయర్స్, మార్లింగ్ కూడా వచ్చే ఏటికే.


మాండొలిన్_మావయ్య | 3 ఫిబ్రవరి 2025, ఉదయం 9:30

గ్రామీ ఫలితాలొచ్చాయి, థ్రెడ్ పైకి తెస్తున్నా. ఫోక్: వుడ్‌లాండ్. అమెరికానా: ట్రెయిల్ ఆఫ్ ఫ్లవర్స్, సియెరా ఫెరెల్‌కి మొత్తం నాలుగు. ‘కౌబాయ్ కార్టర్’ కంట్రీ ఆల్బమ్, ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ రెండూ. బ్లూగ్రాస్ బిల్లీ స్ట్రింగ్స్ లైవ్ ఆల్బమ్‌కి.


గోదారిగట్టు | 3 ఫిబ్రవరి, ఉదయం 9:42

తీగలదండెం గారు ఎక్కడ? పావుగంట తీసెయ్యాలన్నారుగా!


తీగలదండెం | 3 ఫిబ్రవరి, ఉదయం 10:15

ఇప్పటికీ అదే అంటా. గిడెన్స్ బాంజో ఉన్న పాట మాత్రం తియ్యను.


నల్లగొండ_నాదం | 3 ఫిబ్రవరి, రాత్రి 9:05

మావయ్యా, ఓపెన్ బ్యాక్ దొరికింది. టం టక-టిం వస్తుంది గానీ అయిదో తీగ ఒక్కోసారి మోగుతలేదు, టక్కుమని ఆగిపోతుంది.


మాండొలిన్_మావయ్య | 3 ఫిబ్రవరి, రాత్రి 9:30

బొటనవేలు తీగని బయటికి లాగకుండా లోపలికి నొక్కుతోంది. చెయ్యి పైకి లేచేటప్పుడు వేలు దానంతటదే జారాలి. అయినా ఆగితే అయిదో తీగ నట్ (తీగ ఆనే చిన్న దిమ్మ) గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. గాడి లోతెక్కువై తీగ పక్క ఫ్రెట్‌ని తాకుతున్నా అలాగే టక్కుమంటుంది. అలా ఉంటే ఫోటో పెట్టండి, చెబుతా.